పప్పుగుత్తి బ్యాటు

పిల్ల అరచెయ్యి ఒక్కసారి చూసి, ఆ పిల్లకి ఏ సాఫ్ట్‌బాల్ బ్యాటు సరిపోతుందో చెప్పగల మనిషి కోనసీమ మొత్తం మీద నేనొక్కణ్ణే. అలా నేను ఎంచి ఇచ్చిన బ్యాటుతో మా ఎనిమిదో తరగతి పిల్ల కొత్తపేట సెలక్షన్లలో కొట్టిన మొదటి బంతి గ్రౌండు దాటి, ప్రహరీగోడ దాటి, గోడ వెనకున్న కొబ్బరిచెట్ల మొవ్వులు దాటి వెళ్ళి కాలవలో పడింది. ఆ దెబ్బకి కాలవలో ఉన్న బాతులు గట్టెక్కి, మళ్ళీ నీళ్ళలోకి దిగడానికి ఒప్పుకోలేదు.

ఈ కథ నేను రిటైరైన దగ్గర్నుంచీ పెళ్ళి భోజనాల్లో చెప్పాను, బస్టాండుల్లో చెప్పాను, కంటికి ఆపరేషన్ చేస్తున్న డాక్టరుగారికి కూడా చెప్పాను. ఆయన పాపం కదలొద్దంటూనే విన్నాడు. ఇప్పుడు ఆటల మాస్టార్లుగా కొత్తగా చేరిన తమ్ముళ్ళూ, చెల్లెమ్మలూ, మీ కోసం రాసిపెడదామని కూర్చుంటే, చెప్పేటప్పుడు లేని ఇబ్బంది రాసేటప్పుడు వచ్చిపడింది. నోటితో చెప్పిన బాతు ఎగిరిపోతుంది. కాగితం మీద పెట్టిన బాతు అక్కడే కూర్చుని మన మొహంలోకి చూస్తుంది. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను. బాతులు లేవు. కాలవ ఉందిగానీ అది గ్రౌండుకి అవతలి పక్క. మిగతావి దారిలో ఎక్కడికక్కడ సర్దుకుంటూ పోదాం.

నిజానికి నేను వాలీబాల్ మనిషిని. రాజోలు దగ్గర మా హైస్కూల్లో చేరినప్పటినుంచీ వాలీబాలు, కబడ్డీ తప్ప నాకు ఇంకో ఆట తెలియదు. ఒక ఏడాది ఆటల మీటింగులో టీ తాగుతుంటే పక్క మండలం మాస్టారొకాయన నా చెవి దగ్గరికి వచ్చాడు.

“కబడ్డీకి పిల్లలు తీర్థానికొచ్చినట్టు వస్తారండీ. మీ పిల్లల్నెవరు చూస్తారు? అదే సాఫ్ట్‌బాలనుకోండి, వచ్చేదే రెండు మూడు స్కూళ్ళు. నా మాటిని అది పట్టుకోండి.”

ఈ కిటుకు మన వృత్తిలో అందరికీ తెలిసిందే, పైకి ఎవరూ అనరంతే. ఆ సాయంత్రమే సాఫ్ట్‌బాల్ అంటే ఏమిటో ఫోనులో చూశాను. మర్నాడు పొద్దున్న పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే ఆడుతున్నవాడిలా పిల్లలకి నేర్పాను. మా హెడ్మాస్టారుగారికి క్రికెట్ పిచ్చి. ఆయన వరండాలో నిలబడి చూసి, “క్రికెట్టేనయ్యా ఇది, బ్యాటు గుండ్రంగా ఉంటుందంతే” అని తేల్చి లోపలికి వెళ్ళిపోయారు. మా ఇద్దరిలో ఆయనకే ఎక్కువ తెలుసునని నాకు అనుమానం.

స్కూలుకి గ్లవ్సులు వచ్చాయి, బంతులు వచ్చాయి, బ్యాటు మాత్రం రాలేదు. మాకేం లోటు లేదు. మా వైపు పిల్లలకి బ్యాటంటే కొబ్బరి మట్టే. ఆకు కొట్టేసి, మొదలు వైపు వెడల్పుగా వదిలేసి, రెండో వైపు చేతికి పట్టేలా చెక్కుకుంటే అయిపోయింది. బంతి దెబ్బకి చీలిపోతే మర్నాడు ఇంకో మట్ట. మట్టలకి కోనసీమలో కరువా!

ఆ మట్టతో బంతిని చితక్కొట్టేది మా పిల్ల. తండ్రి చేపల బోటు మీద పని, ఎప్పుడొస్తాడో ఎప్పుడెళ్తాడో ఇంట్లోవాళ్ళకే తెలియదు. తల్లి కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళింది. పిల్లని అమ్మమ్మ చూసుకునేది. ఆవిడ రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచేది. పిల్ల సన్నగా, కొంచెం పొట్టిగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నేను మాట్లాడుతుంటే ఎవరికైనా సందు దొరకడం కష్టమే అనుకోండి.

జిల్లా జట్టుకి సెలక్షన్లు కొత్తపేటలో అని కబురు వచ్చింది. అక్కడికి మట్ట పట్టుకెళ్ళలేం కదా. సంగతి తెలిసి పిల్ల తల్లి కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. స్టాఫ్‌రూము ముందు వరండాలో అమ్మమ్మ ఫోను పట్టుకుంది, నేనూ హెడ్మాస్టారుగారూ దాంట్లోకి తలలు దూర్చాం.

“నమస్కారవండీ మాస్టారూ. బ్యాటు నేను కొనిపెడతానండి. మంచిదే కొనండి. కానండీ, కాస్త పెద్దది చూడండి. దానికి గౌను కుట్టించినా అంతేనండి, ఏడాది తిరక్కుండా మోకాళ్ళ పైకొచ్చేస్తది.”

“ఆయ్, నేనూ అదే అంటన్నానే అమ్మాయ్” అంది అమ్మమ్మ. “చెప్పులైనా ముందు దూది కుక్కి తొడిగించేదాన్నే నేను.”

“మా అబ్బాయి సైకిలూ అంతేనండి” అన్నారు హెడ్మాస్టారుగారు. “మొదట్లో కాళ్ళు అందలేదు. ఇప్పుడు చూడండి!”

అందరూ నా వైపు చూశారు. నిపుణుణ్ణి కదా. “పెరిగే పిల్ల” అన్నాను గంభీరంగా. “పెద్దదే ఉండాలి.”

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పిల్ల, “మాస్టారూ, నాకండీ...” అని ఏదో అనబోయింది.

“నువ్వుండమ్మా, నీ బ్యాటు గురించే కదా మాట్లాడుతున్నాం” అన్నాను.

ఈ వాక్యం రాసి నాలో నేనే కాసేపు నవ్వుకున్నాను. మీరూ నవ్వుకోండి.

ఆదివారం నేనూ, పిల్లా, అమ్మమ్మా బస్సెక్కి అమలాపురం వెళ్ళాం. మార్కెట్ దగ్గర ఆటసామాన్ల కొట్టు. కొట్టు నిండా క్యారమ్ బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, ప్లాస్టిక్ కప్పులు, షీల్డులు. కొట్టాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, అవి ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నాడు. సాఫ్ట్‌బాల్ బ్యాటు అనగానే అటక మీది నుంచి రెండు దించాడు. ఒకటి పొడుగ్గా, నల్లగా, పోలీసు లాఠీకి పెద్దన్నలా ఉంది. రెండోది దానికి తమ్ముడు.

ఇక్కడే నేను పిల్ల అరచెయ్యి చూశాను. చూశాననడం నిజం. జాతకం చెప్పేవాడిలా వేళ్ళు విడదీసి, వెలుతురులోకి తిప్పి, “ఊఁ” అన్నాను. ఆ చేతిలో ఏం చూడాలో మాత్రం నాకు తెలియదు. ఒక వేలి మీద సిరా మరక కనిపించింది.

అమ్మమ్మ తన పద్ధతిలో తను చూసుకుంటోంది. వేలి కణుపుతో నల్ల బ్యాటు మీద టకటక కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, గంగాళం కొంటున్నట్టు విన్నది.

“మోత బాగుందండీ. బరువూ ఉంది. సరుకున్న వస్తువే.”

“పెద్దది కదాండీ, పాపకి...” అని కొట్టాయన నసిగాడు.

“పెరిగే పిల్లండీ!” అన్నాం నేనూ అమ్మమ్మా ఒకేసారి.

“మీ ఇష్టవండీ. ఒక్క మాట మాత్రం. తరవాత సైజు చాలలేదనో, ఎక్కువైందనో వస్తే మారుస్తానుగానీ, వాడినట్టు ఒక్క గీత కనిపించినా తీసుకోను. ముందే చెప్తన్నానండి.”

ఎప్పుడూ నేల చూపులు చూసే పిల్ల అప్పుడు తలెత్తి అతని వంక చూసింది. నేనది పట్టించుకోలేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆ నల్ల బ్యాటు నేనే పట్టుకున్నాను, మోకాళ్ళ మధ్య నిలబెట్టి, రెండు చేతులూ దాని తల మీద వేసి. కండక్టరు, “ఎవరి మీదకండీ మాస్టారూ బయల్దేరేరు?” అని అడిగాడు. టిక్కెట్టు తీసుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు నేను.

మర్నాటి నుంచి నా పతనం మొదలైంది.

బంతి వేస్తే ఒక్కటీ తగలదు. మట్టతో అంతంతేసి దెబ్బలు కొట్టిన పిల్ల, ఈ బ్యాటు ఎత్తేసరికి బంతి కింద నుంచో పై నుంచో పోతుంది, పిల్ల గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది. పైగా బ్యాటుకి వచ్చిన పాలిథిన్ కవరు తియ్యలేదు. పిడి దగ్గర మాత్రం పైకి మడిచి రబ్బరు బ్యాండు వేశారు. ఊపినప్పుడల్లా చరచరమని చప్పుడు. అమ్మమ్మని అడిగితే, “కొత్త వస్తువండీ, కొన్నాళ్ళుండనివ్వండి” అంది. నేను కాదనలేకపోయాను. మా ఇంట్లో టీవీ రిమోట్ కొన్న కవరులోనే ముసలిదైంది. ఆట అయిపోగానే పిల్ల ఆ బ్యాటుని నేలకి తగలనివ్వకుండా తువ్వాలు మీద పడుకోబెట్టేది, చంటిబిడ్డలా. వస్తువంటే ఎంత శ్రద్ధ అని హెడ్మాస్టారుగారు అసెంబ్లీలో మెచ్చుకున్నారు కూడా.

నేను మాత్రం తప్పు బ్యాటులో ఉందని ఒక్క క్షణం అనుకోలేదు. నేను ఎంచిన బ్యాటు కదా! కాళ్ళు సరిగ్గా పెట్టలేదన్నాను. మోచెయ్యి వంగిందన్నాను. బలం చాలదని మధ్యాహ్న భోజనంలో నా వంతు గుడ్డు కూడా పిల్లకే వేయించాను. మొక్కలకి నీళ్ళు పొయ్యమని రెండు చేతులా బకెట్లు మోయించాను. మొక్కలు ఏపుగా పెరిగాయి. బంతి తగల్లేదు.

ఒక సాయంత్రం అమ్మమ్మ షెడ్డు నుంచి సరాసరి గ్రౌండుకి వచ్చి, గోడవారన నిలబడి కాసేపు చూసింది.

“మాస్టారూ, మీరేవనుకోకండి. మా అమ్మాయి అంత దూరంలో చాకిరీ చేసి కొనిచ్చింది. ఇదేమో గాలిని కొడతంది. కొత్తపేటలో ఎంపికైతే సరేసరి. అవ్వలేదనుకోండి, ఆట కట్టండి. సాయంత్రాలు కుట్టు మిషను నేర్పిచ్చేస్తాను. మాట్లాడేసేను కూడా.”

“అమ్మమ్మా...” అంది పిల్ల.

“నువ్వు నోరు ముయ్యి. గాలిని కొట్టేదానికి నోరొకటి.”

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇది అతిశయోక్తి కాదు, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. పిల్లకి ఆట అంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఆ చేత్తో జాకెట్లకి కాజాలు కుట్టించడం పాపమేమీ కాదుగానీ, బంతి కొట్టడం మానిపించి కుట్టించడం పాపమే.

సెలక్షన్లు ఇంకెంతో దూరంలో లేవనగా, ఇంటర్వెల్లులో స్టాఫ్‌రూము కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. కిటికీ ఎదురుగా పిల్లలు ఆడుతున్నారు. మా పిల్ల చేతిలో పాత కొబ్బరి మట్ట. బంతి వచ్చింది. ఫట్‌మని మోత. బంతి మరుగుదొడ్ల రేకు మీదుగా వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ వెళ్ళిపోయింది. మూడోది కిటికీ చువ్వకి తగిలి నా టీ గ్లాసు పక్కనుంచి పోయి హెడ్మాస్టారుగారి కుర్చీ కింద దూరింది.

అప్పుడు నాకు వెలిగింది! మహా మహా కోచ్‌లకి కూడా తట్టని సంగతి, టీ గ్లాసు చేతిలో ఉండగా నాకు తట్టింది. తప్పు చేతిది కాదు, బ్యాటుది. “మార్చేద్దాం!” అని అరిచాను. కుర్చీ కింద బంతి కోసం వంగిన హెడ్మాస్టారుగారు ఉలిక్కిపడి తల కుర్చీకి తగిలించుకుని, “నన్నా?” అన్నారు.

మళ్ళీ అమలాపురం. మళ్ళీ ముగ్గురం. ఈసారి పిల్ల తన మట్ట కూడా పట్టుకొచ్చింది. దారంతా నాకు గుబులే. ఇన్నాళ్ళు వాడిన బ్యాటుని వాడలేదని ఎలా నమ్మించడం? కొట్టాయన కవరు తీసి, కళ్ళద్దాలు నుదుటి మీంచి దింపుకుని, బ్యాటుని వెలుగులో పెట్టి ఇటూ అటూ తిప్పాడు.

“వాడలేదాండీ?”

అబద్ధం నాలిక దాకా వచ్చింది. అమ్మమ్మ ముందు కుదరదు. “రోజూ వాడేం” అన్నాను.

“మరి గీతేదండీ?”

“బంతి తగిలితే కదండీ గీత పడేది!” అంది అమ్మమ్మ కసిగా.

కొట్టాయన బ్యాటు వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. “ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బ్యాటు చూడలేదండీ. సరే, మాటంటే మాటే. మార్చుకోండి.”

నేను వెంటనే తమ్ముడు బ్యాటు మీద చెయ్యి వేశాను. మధ్యస్థంగా ఉంటే ఎవరికీ మాట రాదు. ఇంతలో పిల్ల కొట్టు మూలకి వెళ్ళింది. అక్కడ అటక మీది సామాను కిందికి లాగడానికి కొట్టాయన వాడుకునే బ్యాటొకటి గోడకి చేరవేసి ఉంది. గులాబీ రంగు, పొట్టి, దుమ్ము పట్టింది. పిల్ల దాని పక్కన తన మట్టని నిలబెట్టింది. రెండూ ఒకే ఎత్తు. దాన్ని ఎత్తి, ఎవరినీ అడక్కుండా ఒక్క ఊపు ఊపింది.

పై వరసలో ఉన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి ఎగిరి, క్యారమ్ బోర్డుల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి రోడ్డు మీదున్న ఆటో కింద ఆగింది.

కొట్టాయన కప్పు వంక చూసి, “సైజు సరిపోయిందండీ” అన్నాడు. “అది చిన్నపిల్లలదని ఎవరూ కొనలేదు. పట్టుకెళ్ళండి. ధర తేడాకి ఒక కొత్త బంతి ఇస్తాను. ఆ కప్పు కూడా మీదే, చెవి విరిగింది.”

“ఏడాదికే పొట్టయిపోతదేమోనండీ” అని గొణిగింది అమ్మమ్మ.

“అయితే అయ్యింది” అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేనన్న తెలివైన మాట అదొక్కటే కావచ్చు. తిరుగు బస్సులో ఆ గులాబీ బ్యాటు కూడా నేనే మోశాను.

కొత్తపేట. సార్వా వరి కోతలు జరుగుతున్నాయి. స్కూలు గ్రౌండులో సగం మేర ఎవరో రైతు ధాన్యం ఆరబోసుకున్నాడు. మిగతా సగంలో సెలక్షన్లు. ఈల మెడలో వేసుకున్న సెలక్టరు మేడమ్ చాలా ఖచ్చితమైన మనిషి. మా పిల్ల బ్యాటు చూసి, నాకు టీ దగ్గర కిటుకు చెప్పిన పక్క మండలం మాస్టారే మొదలుపెట్టాడు.

“ఏంటి మాస్టారూ, బ్యాటు మర్చిపోయి పప్పుగుత్తి తెచ్చేరా?”

అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మమ్మ కూడా వచ్చింది, టిఫిన్ క్యారియర్‌తో. ఆవిడ నవ్వలేదు. మా పిల్ల వంతు వచ్చింది.

మొదటి బంతి తగల్లేదు. అవును, పైన రాసింది నాకు గుర్తుంది. తగల్లేదు. రెండోది నెత్తి మీదికి లేచి వెనక్కి పడింది. అమ్మమ్మ క్యారియర్ మూత తీసి మళ్ళీ పెట్టింది. నేను అంతవరకూ మొక్కని దేవుళ్ళకి కూడా మొక్కాను.

మూడోది తగిలింది. తగిలిందని చప్పుడు చెప్పింది. సెకండ్ బేస్ దగ్గరున్న పిల్ల తల మీదుగా, ఫీల్డర్లందరి తలల మీదుగా వెళ్ళి ధాన్యం రాశిలో బుస్సుమని దిగిపోయింది. మా పిల్ల పరుగు అందుకుంది. ఫీల్డర్లు రాశి మీదికి ఉరికారు. గొడుగు కింద కూర్చున్న రైతు కర్ర పట్టుకుని లేచాడు.

“ఎవరైనా నా వడ్లు తొక్కేరంటే ఊరుకోనండోయ్! బంతి మీదైతే వడ్లు నావండి!”

ఫీల్డర్లు ఆగిపోయారు. మా పిల్ల ఆగలేదు. నాలుగు మూలలా ఉన్న బేసులన్నీ చుట్టేసి, బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది. పక్క మండలం మాస్టారు, “వడ్లలో పడితే లెక్కలోకి రాదండీ!” అని లేచాడు. “ఏ రూల్లో ఉందండీ వడ్ల సంగతి?” అని నేను లేచాను. మేడమ్ ఈల వేసి, “ముందు బంతి ఏదండీ?” అంది. ఉన్న మంచి బంతి అదొక్కటే. సెలక్షన్లు మొత్తం ఆగిపోయాయి.

అప్పుడు మా పిల్ల చెప్పులు విడిచి, రైతు దగ్గరికి వెళ్ళి, “నేను తిరగేస్తానండీ, ఒక్క గింజ బయటికి పోదు” అంది. ఆయన సరేనన్నాడు. ఆరబోసిన వడ్లు కాళ్ళతో తిరగేస్తారు కదా, అలా పాదాలు ఈడ్చుకుంటూ చాళ్ళు తీస్తూ రాశి అంతా నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగి, కాలి వేళ్ళతో బంతిని పైకి తీసింది. రైతు చప్పట్లు కొట్టాడు. మిగతా వడ్లు కూడా తిరగేసిపెట్టమని అడిగాడు.

మేడమ్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. “ఆ దూరం చాలమ్మా, పేరు చెప్పు” అంది.

జిల్లా జట్టుకి కెప్టెన్ అయిందని నేను చాలాచోట్ల చెప్పాను. కాలేదు. జట్టులో ఆఖరి పేరు. కానీ పేరు ఉంది. అమ్మమ్మ క్యారియర్ విప్పి పులిహోర నా చేతిలో పెట్టి, “ఆ మిషనామెకి వద్దని చెప్పేస్తానండి” అంది. పులిహోర ఎలా ఉందో నాకు గుర్తులేదు. గ్రౌండులో గెంతుతూ తిన్నాను.

ఆ పిల్ల ఇప్పుడు పక్క ఊరి స్కూల్లో ఆటలు నేర్పుతోంది. ఇదంతా రాసి, బాతులు లేవని ఒప్పేసుకుని, ఇంక ఇందులో వేలు పెట్టడానికి ఏమీ లేదన్న ధైర్యంతో ఆమెకి చదవమని ఇచ్చాను. మా వరండాలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. కాగితాలు సర్ది నా ఒళ్ళో పెట్టింది.

“అన్నీ ఒప్పుకున్నానా?” అన్నాను.

“లేదండీ. ఆ నల్ల బ్యాటు తెచ్చిన రోజే పెరట్లో ఊపి చూసేను, ఎక్కువ బరువండి. గీత పడితే కొట్టాయన తీసుకోడు కదా. అందుకని బంతి తగలనివ్వలేదు.”

“కావాలనా!”

“ఆయ్. కవరుంచమని అమ్మమ్మకి చెప్పిందీ నేనే. మీరెంతకీ మార్చరేంటని చివరికి మట్ట పట్టుకుని మీ కిటికీ ఎదురుగా ఆడేను. మూడో బంతి మీ గ్లాసుకే కొట్టేను, తప్పిపోయింది.”

ఒళ్ళో కాగితాలు సర్దుకుని, “అయినా బ్యాటు ఎంచడంలో నా పాత్ర...” అని మొదలుపెట్టాను.

“మీరు ఎంచలేదు మాస్టారూ. బస్సులో మోసేరంతే.”